ఎర్ర డబ్బా, నీలం డబ్బా

విమ్మెరా ప్రాంతపు గోధుమ చేల నడుమ రైఫిల్ క్లబ్బు మైదానం; మర్నాడు ఫైనల్. కాల్చే దిమ్మె మీద మార్నీ, ఆమె బాబాయ్ క్లెమ్, ఇద్దరూ ఎవరికి వారు చేత్తో నింపుకున్న తూటాల డబ్బాలు రెండు: ఎర్రది క్లెమ్‌ది, నీలంది మార్నీది. తొమ్మిది వందల గజాల అవతల, గురిపలకల కింది గుంటలో, వాకీటాకీ పట్టుకుని పిన్ని ఐరిస్.

“గాలంటావేంటి బాబాయ్? జెండాలు చూడు, ఆరేసిన లాగుల్లా వేలాడుతున్నాయి. అయినా గాలైతే పక్కలకి తోస్తుంది. ఇవి పైకీ కిందికీ పోయాయి.”

“అయితే నీ ఊపిరి. ట్రిగ్గర్ నొక్కే ముందు పొద్దున తిన్న టోస్టంతా బయటికి ఊదుతావు.”

“పిన్నీ, పిన్నీ, ఎర్ర డబ్బావి ఎలా పడ్డాయో ఇంకోసారి చెప్పవా?”

“గుంట నుంచి చెప్తున్నా. సగం పైన ఒక గుంపు, సగం కింద ఒక గుంపు. మధ్యలో నా టోపీ పట్టేంత ఖాళీ.”

“ఒకే డబ్బాలోవి రెండు పార్టీలుగా ఎలా చీలతాయి?”

“మన క్లబ్బు కమిటీ చీల్లేదూ? ఐరిస్, నీలంవి చెప్పు, నీలంవి.”

“నీలంవి నడిమధ్యలో. సూపు గిన్నె బోర్లిస్తే అన్నీ దాని కిందే. ఇంక కాల్చకండి, పక్కవాళ్ళ గొర్రెలు అడ్డం వచ్చాయి. అవి పోయేదాకా కూర్చోండి.”

“విన్నావా పిల్లా? నీలం డబ్బా నీదే కదా. నువ్వే గెలిచావు. రేపు ఫైనల్‌కి అవే పట్టుకుపో. శుభం.”

“అంతేనా?”

“అంతేనా అంటే?”

“ఇన్నేళ్ళలో తూటా మందు తూచే నీ తక్కెడ మీద నా చెయ్యి పడనివ్వలేదు, నావి అరువు తక్కెడతో నింపుకున్నా. తక్కెడ ఉన్న ఆ షెడ్డులోకి దుమ్ము తుడవడానికి పిన్నినొక్కదాన్నే రానిస్తావు. నావి గెలిస్తే షెడ్డు తాళం నాదని పందెం కట్టి, ఇప్పుడు నవ్వుతూ ఓడిపోతావా?”

“ఓటమిని హుందాగా ఒప్పుకోవాలమ్మా.”

“మొన్న పేకాటలో ఓడి బల్లని తన్నావు.”

“బల్లే అడ్డం వచ్చింది.”

“ఏమో బాబాయ్, నాకైతే ఎర్ర డబ్బాలోవే నచ్చాయి.”

“ఏవి? నావా?”

“అదే, నీవే. రెండు గుంపులైతే ఏంటి, దేనికది ముద్దుగానే ఉంది కదా. పెద్దవాడివి, అనుభవం ఉంది, ఆ... ఆ చేతివాటం వేరు.”

“మార్నీ, పుట్టాక ఒక్కసారి నన్ను పెద్దవాడివి అన్నావా? పోయినేడు ఫైనల్లో ఆఖరిది కిందికి జారితే, నీ తూటాల వల్లే గెలిచినవాళ్ళని మోసే కుర్చీ పోయిందని ఊరంతా చెప్పావు.”

“నీ తూటానే.”

“నీ వేలే. సరే, ఏం చేశావు?”

“నేనేం చేస్తాను? నువ్వేం చేశావు?”

“ముందు నేనడిగా.”

“తిట్టనంటేనే చెప్తా.”

“తిట్టను.”

“పొద్దున నువ్వు పెట్రోలు కొట్టించడానికి వెళ్ళావా, అప్పుడు తూటాలు అటూ ఇటూ మార్చేశా. నావి ఎర్ర దాంట్లో, నీవి నీలం దాంట్లో. తొడుగులొకటే, గుండ్లొకటే. నేను మందు ఒక్క రవ్వ తగ్గించి, గుండు వెంట్రుకవాసి బయటికి ఉంచానంతే, చూస్తే ఎవరికి తెలుస్తుంది?”

“ఎందుకే?”

“ఎందుకేంటి? నీలం డబ్బా అంటే చాలు, మధ్యలో పడినా మూతి ముడుస్తావు. నావని తెలీకుండా నీ నోటితోనే మెచ్చుకోవాలని.”

“ఆ గొర్రెలు ఇంకా అక్కడే ఉన్నాయే.”

“ఏంటి, అటు చూస్తావు? బాబాయ్? నువ్వు కూడానా?”

“నువ్వు స్నానంలో ఉన్నప్పుడు.”

“దేవుడా. నువ్వెందుకు?”

“కాల్చేది నువ్వు కదే. నీలం డబ్బా అయితే పసిపిల్లని పడుకోబెట్టినట్టు కాలుస్తావు. ఎర్రదైతే ఈగని తోలినట్టు. నావాటికి కూడా ఓసారి ఆ మర్యాద దక్కుతుందని.”

“అందుకా శుభం శుభం అన్నావు! అంటే... ఆగు ఆగు. నేను మార్చా. నువ్వూ మార్చావు. రెండుసార్లు మారితే...”

“ఎక్కడివక్కడే.”

“ఎక్కడివక్కడే. అయితే నీలంవి నావే. సూపు గిన్నె కిందవి నావే బాబాయ్. తాళం.”

“ఫైనల్ అయ్యాక మాట్లాడుకుం...”

“తాళం.”

“గొర్రెలు పోయాయేమో చూడు.”

“గొర్రెలు కదల్లేదు. తాళం. రేపు గెలిస్తే కుర్చీలో ఎక్కించి మోస్తారు కదా, ముందు వైపు భుజం కూడా నీదే.”

“నా నడుము...”

“నీ నడుమే.”

“ఇదిగో, తీసుకో. తక్కెడకి గాలి తగలనీకు. కిటికీ మూసి తూచు. ఫ్యాను వేశావో...”

“తెలుసు.”

“ఆఁ, అన్నీ తెలుసు.”

“వాకీటాకీ మీద కూర్చున్నావు బాబాయ్, లే.”

“అమ్మయ్య, లేచావా? క్లెమ్, ఇందాకట్నుంచీ బటన్ నీ కిందే ఉంది. మీ మాటలన్నీ గుంటలో మోగుతున్నాయి. ఆ తాళం దానికివ్వకు.”

“చూశావా, మీ పిన్ని నా వైపే.”

“నీ వైపూ కాదు. ఒకరి తర్వాత ఒకరు దొంగల్లా డబ్బాల్లో తూటాలు మారుస్తుంటే వంటింటి కిటికీలోంచి చూశా. మీకంత సరదా అయితే సరేనని, ఇద్దరివీ చెరిసగం కలిపి ఎర్ర డబ్బాలో సర్దేశా.”

“అందుకే రెండు గుంపులా... పిన్నీ, ఒక్క నిమిషం. మావి రెండూ ఎర్ర దాంట్లో ఉంటే, నీలం దాంట్లోవి ఎవరివి?”

“కంగారు పడకే, రేపటికి సరిపడా ఇంకా ఉన్నాయి. శనివారం శనివారం మీరిద్దరూ గొర్రెల సంతకి పోతే, నేను ఆ షెడ్డులో దుమ్మే తుడుస్తున్నాననుకున్నారా?”