పడమట పడ్డ సముద్రం

మట్టెవాడలో సమ్మయ్య అప్పుడే మగ్గం మీంచి దింపిన జంపఖానా నేల మీద పరిచి ఉంది. భీమునిపట్నంలో సముద్రపు ఒడ్డున బంగళా కట్టుకున్న దొర ఒకాయన, ఆ ఊరి బొమ్మనే నేసి పంపమన్నాడు. పని తెచ్చిపెట్టిన ఏజెంటు సారంగపాణి దాన్ని చూసి నెత్తి పట్టుకున్నాడు. సమ్మయ్య భార్య భాగ్యమ్మ గడపలో కూచుని వింటోంది.

"కొంప ముంచినవ్ గదా సమ్మయ్యా! సముద్రం యాడున్నది?"

"అగో, నీలం నూలుతోని నేసిన గాదన్నా."

"నేసినవ్. పడమట నేసినవ్! భీమిలిల పొద్దు పొడిచేదే సముద్రంలకెల్లి!"

"నేనేమన్న చూసిన్నా? గుట్ట అన్నవ్, గుట్ట మీద నర్సింహసామి గుడి అన్నవ్, గోస్తనీ ఏరొచ్చి సముద్రంల కలుస్తదన్నవ్. అన్నీ నేసిన."

"మరి ఈ తెల్లయేంది?"

"ఒలందా దేశపు దొరల గోరీలు. ఇంగిలీసోళ్ల కన్న ముందుగాల ఓడలేసుకొని బ్యారానికొచ్చి, ఆడనే మట్టిల కలిసిన్రని నువ్వే చెప్తివి."

"అన్నా, ఆ సముద్రంల నిలబడితే కాళ్ల కింద ఇసుక జారుతదట, నిజమేనా?"

"నీకు ఇసుక ఫికరా చెల్లే! దొర మాల్ వాపస్ జేస్తడు. ఇగ నాకు పనియ్యడు, నీ మొగనికి నేనియ్య."

"అయ్యో, గట్లనకన్నా! నేను మళ్ల నేద్దామన్నా కంట్రోల్ దుకాన్ల నూలే దొరుకతలేదు."

"ఏమయ్యా, జర ఆ కొస పట్టు. అన్నా, నువ్వీ కొస పట్టు. ఇగ బోర్ల తిప్పుండ్రి."

"తిప్పితే ఏమొస్తది చెల్లే... అరే! అరెరే! సముద్రం తూర్పుకొచ్చింది!"

"జంపఖానకు రెండు మొహాలు ఒక్కతీరే గదన్నా."

"బతికిచ్చినవ్ పో! రేపే రైలుకు పార్సిల్ ఏస్త."

"ఏస్తవ్. ఆడ నౌకర్లు రోజు దులుపుతరు, మళ్ల పరుస్తరు. ఏ మొహం పైకుండాలెనో వాళ్లకెవరు నేర్పాలె?"

"చిట్టి రాసి పంపుత చెల్లే."

"చదువొస్తదా వాళ్లకు? దొర పొద్దున లేచి చూసేసరికి సముద్రం మళ్ల పడమటికి పోయిందనుకో..."

"వద్దు వద్దు! సమ్మయ్యా, నువ్వే పోయి నేర్పిరా. టికెట్ నేను కొంట."

"ఒక్కణ్ణి ఎట్ల తిప్పుతనన్నా? రెండు కొసలాయె. ఇద్దరుండాలె."

"సరే, మొగడు పెండ్లాం ఇద్దరు పోండ్రి! నేను టేషనుకు పోతాన."

"మంచిదన్నా, పోయిరా."

"గడపలకెల్లి చూడు, పోయిండా?"

"మలుపు తిరిగిండు."

"నవ్వకే, ఇనబడ్తది! పడమట నెయ్యమని నువ్వన్ననాడు పిచ్చి లేసిందనుకున్న. ఇగ బట్టలు సదురుకో, నీ సముద్రం చూద్దాం."