చెగ్విడెన్ వారింటి పిల్ల

ఇంతవరకు పైకి అనని మాట ఒకటి రాస్తున్నాను. కృష్ణకాంత్ నన్ను ఇష్టపడింది నా కోతలు విని. ఆదివారం వాళ్ళ అమ్మానాన్నా విస్సన్నపేట నుంచి మా ఇంటికి పెళ్ళిచూపులకొస్తున్నారు, చెగ్విడెన్ దొరగారి మునిమనవరాలిని చూడటానికి.

ఇవాళ మధ్యాహ్నం మామిడికాయల షెడ్డు పక్క టీకొట్టులో మళ్ళీ అదే కథ ఎత్తుకున్నాను. తోటలు కౌలుకు తీసుకునే బసవపున్నారావు గారు అడిగారు మరి.

"వినీలా, చెగ్విడెన్ ఏంటమ్మా, తేనెమంచు పురుక్కి కొట్టే మందు పేరులా ఉంది?"

"మందు కాదండీ, ఇంటిపేరే. ఇంగ్లండు చివర కార్న్‌వాల్ అని ఉంది, వాళ్ళ పాత భాషలో దానికి తెల్ల ఇల్లని అర్థం, ఆ పేరున్నవాళ్ళు అక్కడే తక్కువ."

ఫోన్లో చదివిన నిజం అంతవరకే. అక్కడ ఆగితే నేనెందుకవుతాను.

"మా ముత్తాత దొర తగరం గనుల్లో పెరిగినవాడండీ, రెడ్డిగూడెంలో ఒక్క గడ్డపార పోటు వేస్తే నీళ్ళు తాడిచెట్టంత లేచాయి, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏముంది, మన తోటలన్నీ ఆ తడికే మొలిచుంటాయి."

"తోటలు సరేనండీ, ఆయన ఆ బావిలో దిగి, అట్నుంచటే తవ్వుకుంటూ పోయి కార్న్‌వాల్లో తేలి, వాళ్ళమ్మకి బుట్టెడు చిన్నరసాలిచ్చి, సాయంత్రం టీకి తిరిగొచ్చేవాడు."

అందరూ నవ్వారు. షెడ్డు నీడలో కాయలు ఏరుతున్న మగ్దలేనమ్మ మామ్మ నవ్వలేదు, తలా ఎత్తలేదు.

"దొర మీకేమీ కాడే. చర్చి మిషన్ వాళ్ళ బావి ఆయన తవ్విస్తుంటే మట్టి గంపలు మోసింది మీ ముత్తాత. మీ తాత ఇన్నయ్యా నేనూ ఒకే బడి. అసలు ఇంటిపేరు చెబితే కులం తెలిసి వెనక కూర్చోబెడతారని ఇన్నయ్య బళ్ళో దొర ఇంటిపేరు రాయించుకున్నాడు. దొరకా సంగతే తెలీదు."

కాయొకటి పక్కన పెట్టి మళ్ళీ అంది: "దాక్కోడానికి పెట్టుకున్న పేరు తల్లీ అది. నువ్వు ఊరేగిస్తున్నావు."

బసవపున్నారావు గారు నా మీంచి చూపు తిప్పి గ్లాసులోకి చూశారు. కులం తెలిశాక అలా పక్కకి తిరిగే చూపు తప్పించుకోడానికే కదా నేనిన్నేళ్ళూ దొరని బావిలోకి దింపింది.

ఇంటికొచ్చాక అద్దంలో నా భుజాలు చూసుకున్నాను. గంప మోసినాయన భుజాలు ఎలా ఉండేవో నేనెప్పుడూ ఊహించలేదు. దొరగారి టోపీ మాత్రం ఎన్నిసార్లు ఊహించానో.

నిజం చెబితే ఆదివారం ఎవరూ రాకపోవచ్చు. చెప్పకపోతే వాళ్ళొచ్చి ఇంకెవరి మనవరాలినో చూసి వెళ్తారు.

కృష్ణకాంత్‌కి ఫోన్ చేస్తాను. గంప దగ్గర మొదలుపెడతాను. ఆ తర్వాత ఏమవుతుందో ఈసారి నాకే తెలీదు.