బట్టలారేసే వేళ

ఎల్బీనగర్ దగ్గరి కాలనీలో, ఎనభైల్లో కట్టిన ఇంటి హాలు. బల్ల మీద కంప్యూటరు, దాని నెత్తిన చిన్న కెమెరా. ఎదురుగా కుర్చీలో అత్త లలితమ్మ, పక్కన ఆమె చేతికర్ర. డాబా మీద బట్టలారేసి అప్పుడే దిగి వచ్చిన కోడలు సూర్యప్రభ చెయ్యి కిటికీ పరదా మీద ఉంది.

"దాన్ని అట్లనే ఉండనియ్యి. గాలాడుత లేదు నాకు."

"పరదా తీస్తే ఎండ కొడుతుంది అత్తయ్యా. బొమ్మంతా తెల్లగా పోతుంది. మళ్ళీ మీ అబ్బాయి ఫోను."

"చేస్తే చెయ్యనియ్యి. వానికి బొమ్మ కావాలె, నాకు గాలి కావాలె."

"ఫ్యాను పెంచనా?"

"ఫ్యాన్ గాలి వేరు, కిటికీ గాలి వేరు. మీ గుంటూరు దిక్కు రెండొక్కటేనేమో. మీ మామ ఈ ప్లాటు కొన్ననాడు చుట్టూ కందిచేన్లు. గాలొస్తదని తూర్పుకు కిటికీ పెట్టిచ్చిండు. దానికి పరదా ఏసి నన్ను ఫ్యాన్ కింద కూసోవెడ్తరా?"

"సగం వేస్తాను."

"సగమేస్తే సగం గాలే ఒస్తది."

"పోనీ కుర్చీ కాస్త ఇటు జరుపుకోండి."

"జరిగితే కనపడనని మొన్న నువ్వే అంటివి."

"నేను కాదు, ఆయనన్నారు."

"ఎవరంటే ఏంది. పోయినేడు బాత్రూం కాడ జారి పడ్డ పాపానికి నన్ను గీ కుర్చీకి మేకు కొట్టిండ్రు. పొద్దంత నా మొఖం చూసుకుంట చీరలెట్ల అమ్ముతడో వాడు."

"అదేమిటి, ఇంత చెమట పట్టింది? కూర్చునే ఉన్నారుగా."

"కూసున్నోల్లకు చెమట పట్టదా? పరదా తియ్యవు, చెమటెందుకని అడుగుతవు."

"మీ మంచికే అంటారాయన."

"నువ్వేమంటవు?"

"నేనేమంటాను? నేనూ ఆ బొమ్మలోనే ఉన్నాను."

"అగో, మోగింది. పో, పరదా ఏసిన్నని చెప్పు."

ఫోను చేసింది సూర్యప్రభ భర్త ఆనందమే, దిల్‌సుఖ్‌నగర్‌లోని తన చీరల దుకాణం నుంచి. గల్లా పక్కన పెట్టుకున్న తెరలో ఇల్లు చూసుకోవడం అతనికి అలవాటైపోయింది. తల్లి కనిపిస్తే గాని గిరాకీతో నవ్వుతూ మాట్లాడలేడు.

"మళ్ల నల్లగైంది సూర్యా."

"పరదా ఇప్పుడే వేశానండీ."

"పరదాతోని తెల్లగైతది. ఇది నలుపు. పొద్దుగాల మంచిగనే ఉండె. అమ్మ ఏది?"

"కుర్చీలోనే ఉన్నారు, నా ఎదురుగానే."

"నల్లగైనప్పుడు నువ్వెక్కడున్నవ్?"

"డాబా మీద. బట్టలారేస్తున్నాను."

"నిన్న గూడ బట్టలే అంటివి."

"నిన్న కూడా ఉతికాను కాబట్టి."

"నేను నవ్వుతలేను. నువ్వు డాబా ఎక్కుతవు, ఇల్లు నల్లబడ్తది. నువ్వు దిగొచ్చి ఏదో కొడ్తవు, మళ్ల ఒస్తది. నాకు కంప్యూటర్ తెల్వదు గని మనుషులు తెలుసు."

"ఏమిటండీ మీ అనుమానం?"

"అనుమానం కాదు. కోచింగ్ సెంటర్ మూసేసెటోడు అగ్గువకిచ్చిండని తెచ్చిన దాన్ని. అండ్ల విండోస్ లేదు, లినక్స్ అన్నడు. ఎవరికి ఒస్తది అంటే నేర్చుకుంటనంటివి. నేర్చుకున్నవు. ఇప్పుడు దాన్ని ఆపుడు, నడిపిచ్చుడు ఇంట్ల నీ ఒక్కదానికే తెలుసు."

"నేర్పింది ఫోనులో ఉన్న ఆ లినక్స్ గ్రూపువాళ్ళు. వాళ్ళనే అడుగుతున్నాను, ఎందుకు ఆగిపోతోందో."

"అడుగు. నేను మాత్రం కెమెరాలోల్లను మాట్లాడిన. రేపొస్తరు. పైన బిగిస్తరు, వైర్లు గోడ లోపల నుంచి. హాలుకు, వంటింటికి, గేటుకు."

"వంటింటికి ఎందుకండీ?"

"అమ్మ వంటింట్ల పడదా?"

"మరి వనస్థలిపురం బడివాళ్ళకి రేపు చెప్పాలి. లెక్కల టీచరు మళ్ళీ మానేసిందట. ఈసారి కూడా కాదంటే ఇక నన్ను అడగరు."

"అమ్మనిడిసిపెట్టి ఎట్ల పోతవ్? జీతం మనిషిని పెడ్త అంటే అమ్మనే ఒద్దంటది. నన్నేం చెయ్యమంటవ్? అన్నానికి ఒస్త గద, అప్పుడు చెప్త."

అతను చెప్పబోయేది ఏమిటో సూర్యప్రభకు తెలుసు. పెళ్ళికి ముందు రెండు బళ్ళలో పాఠాలు చెప్పిన మనిషి. ఏడాదిగా ఆమె గేటు దాటింది కూరగాయల బండి దాకా. వంటింట్లోకి వెళ్ళి, గ్రూపులో ఎప్పుడూ ఓపికగా జవాబులు రాసే పట్టాభికి ఫోను చేసింది. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు ఉద్యోగి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నది లేదు.

"పట్టాభిగారూ, సూర్యప్రభనండీ. గ్రూపులో కెమెరా గురించి రాశాను."

"చూశానమ్మా. మీరు నాలుగు ముక్కలు రాస్తే మావాళ్ళు భారతం రాశారు. పూనా ఆయన కెమెరాని నడిపే డ్రైవరు ప్రోగ్రాము మార్చమన్నాడు. బెజవాడ ఆయన కరెంటు చాలడం లేదన్నాడు. ఇంకొకాయన కంప్యూటరే మార్చమన్నాడు."

"డ్రైవరు మార్చాను. తీగ వేరే చోట గుచ్చి చూశాను. లినక్సుకి కొత్త కెర్నెల్ కూడా వేశాను. మళ్ళీ అదే."

"అందుకే ఫోను చెయ్యమన్నాను. కంప్యూటరు దగ్గరికి వెళ్ళండి. అది తనలో జరిగినవన్నీ ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. తెరిచి, కెమెరా పేరున్న వరసలు చదవండి."

"హాల్లో అత్తయ్య ఉన్నారు, మెల్లగా చెబుతాను. యూఎస్‌బీ డిస్కనెక్ట్ అని ఉంది. దాని కింద న్యూ డివైస్ అని, మళ్ళీ కెమెరా పేరు."

"పైకి వెళ్ళండి. నిన్న?"

"నిన్నా ఇంతే. ముందు డిస్కనెక్ట్, కాసేపాగి న్యూ. మొన్న కూడా."

"ఎప్పుడెప్పుడు?"

"పొద్దున పూటే. నేను బట్టలు... ఎప్పుడూ పొద్దున పూటేనండీ."

"అయితే ఇది ప్రోగ్రాము తప్పు కాదమ్మా. ఎవరో తీగ పీకుతున్నారు. కాసేపాగి మళ్ళీ గుచ్చుతున్నారు."

"ఎలుకలేమో."

"ఎలుక పీకుతుంది. మళ్ళీ తెచ్చి గుచ్చదు కదా."

"గుచ్చితే మరి బొమ్మ రావాలిగా?"

"రాదు. పీకి గుచ్చితే ఒక్కోసారి కెమెరాకి కొత్త నంబరు పడుతుంది. మీ ప్రోగ్రాము పాత నంబరు దగ్గరే చూస్తూ కూర్చుంటుంది. ఆ సంగతి గుచ్చినవాళ్ళకి తెలియదు, ఎప్పటిలాగే పెట్టేశామనుకుంటారు. చిన్న రూలు రాసి పంపిస్తాను, ఎన్నిసార్లు పీకినా గుచ్చగానే బొమ్మ వస్తుంది. పంపనా?"

"పంపకండి. అప్పుడే వద్దు."

"అదేమిటి? ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, నడవలేని మా అత్తగారూ."

"ఇద్దరే అయితే లెక్క తేలికే కదమ్మా."

"తేలికే. అందుకే భయంగా ఉంది."

కంప్యూటరు అలాగే ఉంచింది సూర్యప్రభ. బొమ్మ రప్పించడానికి ఒక్క ముక్క కొడితే చాలు, కొట్టలేదు. వెళ్ళి అత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. లలితమ్మ ఒడిలో చేట, చేటలో చిక్కుడుకాయలు.

"ఇటివ్వండి, నేను తుంచుతాను."

"చేతులు మంచిగనే ఉన్నయి. ఊకో."

"పట్టాభిగారు చెప్పారు, కెమెరా సంగతి. తీగ ఎవరో పీకుతున్నారట."

"ఎవరు పీకుతరు? ఎలుకలున్నయి ఇంట్ల."

"ఎలుకలు మళ్ళీ గుచ్చవట."

"ఆయనకేమెరుక మనింటి ఎలుకలు?"

"గుచ్చినా బొమ్మ రాదట. నంబరు మారిపోతుందట."

"రాదా? ఎట్లున్నదో అట్లనే పెడ్తి గద మళ్ల. కాయలు కింద పడ్డయి చూడు. ఏరు."

"మీరే ఏరండి అత్తయ్యా. వంగగలరుగా."

"ఏం మాటలివి?"

"నేను డాబా ఎక్కగానే ఎక్కడికి వెళుతున్నారు?"

"ఎక్కడికి పోత, గీ కాళ్లతోని?"

"మీ చెప్పులు గడప బయట ఉన్నాయి. మొన్న కూడా ఉంటే పనిమనిషి తోసిందనుకుని నేనే లోపల పెట్టాను."

"...అండాలమ్మ ఇంటికి."

"సందు చివరికా?"

"మెల్లగ పోత, గోడ పట్టుకొని. ఆమె అరుగు మీద కూసుంటం. చాయ్ పోస్తది. పచ్చీసు ఆడుతం. మొన్న గెలిచిన గూడ."

"కర్ర లేకుండా?"

"కర్ర తీస్కపోతే టక్కు టక్కుమంటది. నీకినపడ్తది పైకి."

"ఎప్పటి నుంచి?"

"ఎండలు ముదరక ముందు సంది."

"అంటే పోయినసారి బడివాళ్ళకి రానని ఫోను చేసినప్పుడు, అప్పటికే నడుస్తున్నారు."

"నడుస్తున్న."

"ఈ కుర్చీలోనే ఉన్నారు. ఫోను పెట్టేశాక, కండ్లెందుకు ఎర్రగైనయి అని అడిగారు నన్ను."

"అడిగిన."

"ఉల్లిపాయలన్నాను. ఊఁ అన్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్తే ఏమైతది? నువ్వు బడికి పోతవు. వాడు జీతం మనిషిని పెడ్తడు. ఆమెకు నన్ను చూసుడే పని. నీకైతే వంటున్నది, బట్టలున్నయి. నువ్వు డాబా ఎక్కితే నాకు జరంత సందు దొరుకుతది. ఆమె డాబా ఎక్కదు గద."

"నడవగలనని ఆయనకే చెప్పచ్చుగా."

"చెప్పలేదనుకున్నవా? కట్టు ఇప్పిన దినమే లేసి నిలబడి చూపిచ్చిన. మళ్ల పడ్తే నేను బత్కనమ్మా అని దవాఖానల నా చెయ్యి పట్టుకొని ఏడ్సిండు. గడప దాటనని ఒట్టేపిచ్చుకున్నడు. కొట్టెటోనికైతే ఎదురు చెప్పొచ్చు. ఏడ్సెటోనికి ఏం చెప్తం?"

"రేపు కెమెరాలవాళ్ళు వస్తున్నారు. తీగలు గోడలోపల. పీకడానికి ఉండదు."

"హాలుకేనా?"

"వంటింటికి. గేటుకి కూడా."

"గేటుకెందుకు?"

"ఎందుకేమిటి అత్తయ్యా? నేనే ఆపుతున్నాననుకుంటున్నారు. నేనెక్కడికి పోతున్నానో చూడ్డానికి."

"అననియ్యి. మొగడన్న మాటకేం బరువు, పొద్దుగూకేసరికి మర్చిపోతడు."

"ఆయన మరిచిపోతారు. బడివాళ్ళు మరిచిపోతే మళ్ళీ గుర్తుండను. అన్నానికి వచ్చాక చెప్పేస్తాను."

"చెప్తే నాకు అండాలమ్మ ఇల్లు బంద్."

"అవును."

"చెప్పకపోతే నీకు బడి బంద్."

"అవును."

"ఇద్దరు ఆడోల్లల్ల ఒక్కలే గడప దాటాలె. గంతేనా?"

"లెక్క అలాగే తేలుతోంది."

"నీ లెక్క పాడుగాను. లే, కుక్కర్ మూత పెట్టు. వాడొచ్చే యాల్లైంది."

మధ్యాహ్నం ఆనందం వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, తల్లి కుర్చీ ఎదుటే కింద పీట వేసుకుని కూర్చున్నాడు. కంచాల్లో అన్నం పెడుతున్నంతసేపూ సూర్యప్రభ అత్త వైపు చూడలేదు.

"చిక్కుడుకాయ మంచిగైంది."

"అత్తయ్య తుంచారు."

"అమ్మతోని పని చేపిస్తున్నవా?"

"కూసొని తుంచేదే గదరా. తిను."

"అమ్మా, ఇగ నీకు పరదా పరేషాన్ ఉండదు. రేపొచ్చేటియి మంచి కెమెరాలు. నువ్వు ఏ మూలకు కూసున్న కనపడ్తవ్."

"ఏ మూలకు కూసున్ననా?"

"ఏ మూలకైనా. సూర్యా, మీ గ్రూపోల్లు ఏం చెప్పిండ్రు?"

"తీగ ఎవరో పీకుతున్నారని."

"నేననలే? ఎవరు పీకుతున్నరు?"

"పప్పు వెయ్యనా?"

"పప్పు అడగలే నేను. ఇంట్ల ఉన్నది ఇద్దరు. అమ్మ లేవదు. బడికి పోనియ్యలేదని కోపముంటే నాతోని సూటిగ కొట్లాడు. దొంగతనంగ వైర్లు గుంజుడెందుకు?"

"నేను గుంజలేదు."

"మరెవరు?"

"నాకు తెలుసు. కాని అది నేను చెప్పే మాట కాదు."

"తెలుసట, చెప్పదట. చూడమ్మా, ఎట్ల మాట్లాడుతదో."

"తినేటప్పుడు ఆమెను సతాయించకు ఆనందం."

"సతాయిస్తలేను. తేల్చి చెప్తున్న. రేపు కెమెరాలు బిగిస్తరు. తిన్నంక నా ముందటనే బడికి ఫోన్ చేసి రానని చెప్పాలె. నాకేమన్న సరదానా? అమ్మకేమన్నైతే నేనుండలేను, గంతే. ఇగ పెరుగు తే."

"నువ్వు కూసో సూర్యప్రభా."

"పరవాలేదు అత్తయ్యా, తెస్తాను."

"కూసోమన్న గద. నేను తెస్త."

"అమ్మా? ఏం చేస్తున్నవమ్మా? సూర్యా, పట్టుకో, కర్ర అందియ్యి..."

"ఎవరు పట్టుకోకుండ్రి. పెరుగు గూట్లనేనా?"

"గూట్లోనే అత్తయ్యా. మూత బిగుసుకుంది, జాగ్రత్త."

"అమ్మా, పడ్తవ్..."

"పడ్తే లేస్త. నువ్వు కూసో, ఎంగిలి చేత్తోని లేస్తవేంది? ఇగో, గిన్నె పట్టు. రేపటి సంది ఆమె బడికి పోతది, కెమెరాలొద్దు, జీతం మనిషొద్దు. పొద్దుగాల నేను అండాలమ్మ అరుగు మీదుంట; నన్ను చూడబుద్ధైతే దుకాణం బంద్ పెట్టి ఆడికి రా, నీకు గూడ చాయ్ పోస్తది."