వదిన కడిగేసిన కాపురం

ఏంటే మనవరాలా, నేలకి మైనం రాసేది అట్లాగా? కాలి కింద కొబ్బరిపీచు చెక్క పెట్టుకుని నడుం తిప్పాలే, నడుం! డాన్సాడినట్టుండాలి. మా వదిన రుద్దితే చూడాల్సింది. ఎవరా? మీ నాయనమ్మ అక్క, జఫిసోవా. నువ్వు పుట్టకముందే పోయిందిలే. అబ్బో, శుభ్రమంటే ఆవిడే. గుమ్మంలోకి రాగానే ముక్కెగబీల్చి, "మరిదీ, నువ్వు స్నానం చేసి ఎన్నాళ్ళయింది?" అనేది. పొద్దున్నే చేశా వదినా అంటే నమ్మితేనా! అట్లాంటి మనిషిని తీసుకెళ్ళి లెమూర్ల కేంద్రంలో, అదే, ఆ కోతుల్లాంటి వాటిని సాకే చోట, బోన్లు కడిగే పన్లో పెట్టారు. నేనప్పుడు అక్కడే గేటు కాపలా. ఇంకేముంది, నేల కడగడం, గోడలు తోమడం, చివరికి ఆ లెమూర్లు కూర్చునే కొమ్మలకి కూడా సబ్బు పెట్టి, మైనం రాసి, కొబ్బరిపీచుతో మెరిపించడం. ఎక్కిన లెమూరు ఎక్కినట్టే సర్రున జారేది. నవ్వకే, నిజం!

ఆవిడ కడిగే బోన్లలో ఒకదాంట్లో ఉండేది ఒక్క జంట. ఆడది వువాంగి. అడవిలో తల్లిని వేటగాళ్ళు చంపేస్తే, మా వదినే ఒళ్ళో పెట్టుకుని పాలు పట్టి పెంచింది. మగదాన్ని పాస్టరు అనేవాళ్ళం, మెడ చుట్టూ ఆ తెల్ల బొచ్చు చూసి. అడవిలో అవి ఎన్నో మిగల్లేదు, అందుకని పిల్లల కోసం ఎదురుచూపులు. వాటికేమో ఏడాదికోసారే ఎద, అదీ ఒకటి రెండు రోజులే. వరసగా మూడేళ్ళు ఏమీ కాలేదు. మా కేంద్రం డాక్టర్ హెరిలాల చెప్పేశాడు, "ఈసారి కూడా కడుపు రాకపోతే వువాంగిని దూరం పంపేస్తాం, జఫిసోవమ్మా" అని. ఆవిడ ఏడుపు చూడాలి! ఏడ్చి ఏడ్చి, కోపమంతా పాస్టరు మీద. "చవట వెధవా, పెళ్ళాం పక్కనే ఉంటే కళ్ళు కనపడవురా నీకు? తిండికి మాత్రం ముందుంటావు!" వాడు అరటిపండు నములుతూ వినేవాడు పాపం.

ఏమంటున్నా... ఆఁ. ఆ ఏడు సరిగ్గా ఆ రోజుల్లోనే వదిన వాళ్ళ మేనమామ పోయాడని ఉత్తరాదికి వెళ్ళింది. తిరిగొస్తుంటే నది దాటించే పంటు పాడై, కొన్నాళ్ళు అవతలే చిక్కుబడింది. ఇక్కడ ఆవిడ పని ముట్టుకోడానికి ఎవరికి ధైర్యం? బోను కడిగినవాళ్ళు లేరు. వచ్చి చూసింది కదా, కొమ్మలన్నీ జిడ్డు, మరకలు, ఒకటే కంపు! "ఛీ ఛీ, నేను చచ్చాననుకున్నారా!" అని బకెట్టు ఎత్తింది. డాక్టరు పరిగెత్తుకొచ్చి ఆ బకెట్టు పట్టుకున్నాడు. "ఆగమ్మా! మొన్న కలిశాయి!" అని. సంగతేంటంటే, వువాంగి కొమ్మలకి రుద్దే వాసనే దాని మాట. 'నేను సిద్ధం' అని అది రాసుకోవడం, పాస్టరు చదువుకునేలోపు ఈవిడ కడిగేయడం! నాకూ ఇప్పుడే వెలిగింది, అన్నాడాయన. వదిన నోటి మీద చెయ్యేసుకుంది. "అంటే... దాని కాపురం చెడగొట్టింది నేనా?" అంది. నవ్వాపుకోలేక నేను గేటు దగ్గరికి పారిపోయా.

పిల్లలు పుట్టేదాకా ఆవిడ అవస్థ పగవాడికి కూడా వద్దు. చేతులు రెండూ పైబట్టలో చుట్టేసుకుని, ముక్కు పక్కకి తిప్పుకుని, బోను ముందు కూర్చునేది. ముగ్గురు పుట్టారే, ముగ్గురు! ఆ రోజు వదిన నా భుజాలు పట్టుకుని గిరగిరా తిప్పేసింది. కొన్నాళ్ళకి పళ్ళు పెట్టడానికి లోపలికెళితే పాస్టరు దిగొచ్చాడు. ఇన్నేళ్ళు తిట్లు తిన్నవాడు, ఆవిడ ముంజేతికి తన మెడ ఆనించి బరబరా రుద్దేశాడు. కొమ్మలకి రుద్దినట్టే, తన వాళ్ళకి రుద్దినట్టే.

ఆ రాత్రి భోజనానికి మా ఇంటికొచ్చింది. ఇల్లంతా ఒకటే కంపు. మీ నాయనమ్మ ముక్కు మూసుకుని, "అక్కా, ముందు ఆ చెయ్యి కడుక్కోవే!" అని నీళ్ళ చెంబు తెచ్చింది. వదిన చెయ్యి వెనక్కి లాగేసుకుంది. చిన్నపిల్లలా వీపు వెనక దాచుకుంది. "కడగను పోవే," అంది.

...

ఆ అన్నం గిన్నె అడుగంటినట్టుంది, చూడు. మాడు గోకి పారెయ్యకే, అందులోనే నీళ్ళు పొయ్యి, మరగనీ. ఎప్పట్లాగే అన్నం తిన్నాక తాగుదాం.