చాప మీద మూడో దెబ్బ

మధ్యాహ్నం ఆట ముగిసింది. కుస్తీ హాలు వెనక, మడతకుర్చీలు పేర్చిన సామాన్ల గదిలో తండ్రీ కూతుళ్ళు ఇద్దరే ఉన్నారు. ఆయన ఒకప్పటి రిఫరీ, ఆమె ఇప్పటి రిఫరీ. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

“...దాన్ని కుస్తీ అంటారా? ఛీ! కంపరమెత్తింది నాకు.”

“కాసిని మంచినీళ్ళు తాగండి నాన్నా.”

“నీళ్ళతో పోయే కంపరం కాదిది. మాస్టారూ, మీరొచ్చి చూడండి, ఒక్కో ఆట గురించి మొహమాటం లేకుండా చెప్పండి అని మీ ఓనరు ఫోన్ చేస్తే వచ్చాను. వచ్చినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.”

“అన్నీ అంత ఘోరంగా ఉన్నాయా?”

“మొదటి ఆట తీసుకో. కవలలమని చెప్పుకుంటూ ఇద్దరొచ్చారు చూడు...”

“కవలలు కాదు, బావా బావమరుదులు.”

“ఎవరైతే నాకేం! ఒకడు గుద్దాడు. ఆ గుద్దు అవతలివాడి దవడకి జానెడు దూరంలోనే ఆగిపోయింది. అయినా వాడు పడ్డాడు. పడ్డాడా, పడేముందు వెనక్కి తిరిగి చోటు చూసుకున్నాడు! పడుకునే ముందు పక్క దులుపుకున్నట్టు.”

“అతనికి నడుం నొప్పి నాన్నా.”

“నడుం నొప్పి ఉన్నవాడు ఇంట్లో కూర్చుని కాపడం పెట్టించుకోవాలి. రెండోది అంతకన్నా దరిద్రం. ఆ ముసుగేసుకున్న అమ్మాయి తర్వాత ఏం చెయ్యాలో అవతలి అమ్మాయికి గట్టిగా అరిచి చెప్తోంది. ఇప్పుడు జుట్టు పట్టుకో, ఇప్పుడు జుట్టు పట్టుకో అని! మూడో వరసలో ఉన్న నాకు వినపడింది, ఆ పిల్లకి వినపడదే!”

“ఆవిడకి కుడి చెవి సరిగ్గా పనిచెయ్యదు.”

“ఇది కుస్తీ కంపెనీయా, ఆసుపత్రా?”

“మెల్లగా మాట్లాడండి. ఓనరు బయటే తిరుగుతున్నాడు.”

“తిరగనీ, విననీ. మూడో ఆటలో ఆ లావుపాటాయన, వంటవాడి వేషం. గరిటె తీసి నెత్తి మీద కొడితే టంగుమని మోగాలా వద్దా? చప్పుడే లేదు. రబ్బరు గరిటె! జనం పడీ పడీ నవ్వారు. కొట్లాట చూసి జనం నవ్వారంటే ఇంక దుకాణం సర్దుకోవడమే. సిగ్గుండాలి మనుషులకి.”

“సరే. అయిపోయిందా?”

“ఎక్కడ అయిపోయింది? నాలుగోది ఉంది.”

“టీ తెప్పించనా?”

“తప్పించుకోకు. నాలుగోది ఉంది.”

“అది అందరూ చూశారు కదా. కొత్తగా చెప్పడానికేముంది?”

“ఆట అవగానే ఓనరు నా దగ్గరికొచ్చాడు. మీ అమ్మాయిని ఉంచాలా తీసెయ్యాలా మీరే చెప్పండి, మీ మాట జవదాటను అన్నాడు. ఇంకో ఐదు నిమిషాల్లో వచ్చి అడుగుతాడు.”

“ఏం చెప్తారు?”

“ముందు నువ్వు చెప్పు. కాగితంలో ఎవరు గెలవాలని రాసుంది?”

“బుల్డోజరు.”

“ఎలా?”

“ఆ మెరుపు అనే కుర్రాడు తాళ్ళ మీంచి దూకి అతని మీద పడతాడు. నేను చాప మీద ఒకటి చరుస్తాను, రెండు చరుస్తాను, మూడోది పడి ఓడిపోయేలోపు బుల్డోజరు భుజం లేపుతాడు. మెరుపు అతన్ని ఎత్తి తలకిందులుగా ఇంకోసారి వేస్తాడు. అప్పుడు బుల్డోజరు తిరగబడి గెలుస్తాడు.”

“నువ్వేం చేశావు?”

“మూడోది చరిచాను.”

“చరిచావు! ఆర్నెల్లుగా గోడల మీద పోస్టర్లన్నీ బుల్డోజరువే. గెలిచినవాడికిచ్చే బెల్టు పోయి మెరుపు చేతిలో పడింది. ఆ కుర్రాడు పాపం, ఎవరో పసిబిడ్డని చేతిలో పెట్టి మాయమైపోయినట్టు నిలబడ్డాడు. నీకు ఈ పని నేర్పిందెవరు?”

“మీరే.”

“ఏం నేర్పాను?”

“కాగితం ఎంతంటే చెయ్యి అంత.”

“మరి?”

“అతను భుజం లేపలేదు నాన్నా.”

“లేపకపోతే నువ్వే ఆగాలి! దగ్గొచ్చిందని, కంట్లో చెమట పడిందని, ఏదో ఒకటి చేసి రెండు దగ్గర ఆగాలి. మేమందరం అలాగే చేశాం.”

“చెయ్యి నొక్కాను.”

“ఏంటీ?”

“అతని చెయ్యి పట్టుకుని నొక్కాను. బాగుంటే తిరిగి నొక్కాలి కదా. నొక్కలేదు. మళ్ళీ నొక్కాను. ఊఁహూఁ. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నన్ను చూడట్లేదు.”

“...తర్వాత లేచి నడిచొచ్చాడుగా. నిన్ను బూతులు కూడా తిట్టాడు.”

“తిట్టాడు. తిట్టి, ఆట ఎప్పుడు మొదలవుతుందని అడిగాడు. నాలుగుసార్లు అడిగాడు. ఇందాకే ఆసుపత్రికి తీసుకెళ్ళారు.”

“రెండు చేతులూ కత్తెరలా పైకెత్తితే ఆట ఆపమని గుర్తు. అది చూపించాల్సింది.”

“అది చూసి లోపలివాళ్ళు పరిగెత్తుకొచ్చేలోపు మెరుపు అతన్ని ఎత్తేసేవాడు. గంట మోగితేనే ఆ కుర్రాడు ఆగుతాడు. మూడు చరిస్తేనే గంట మోగుతుంది.”

“ఊఁ.”

“చెప్పండి. తప్పు చేశానా?”

“ఓనరుకి తప్పే. చెయ్యి జారిందని చెప్పు. క్షమించమని ఒక్క మాట అను. మిగతాది నేను సర్దిచెప్తాను.”

“అనను. జారలేదు. కావాలనే చరిచాను.”

“మొండిదానా! ఈ పని కోసం రెండేళ్ళు ఎన్ని గుమ్మాలెక్కావో మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. పోతే ఏడుస్తాను కూడా. కానీ అతని కళ్ళు చూశాక నాకు కాగితం గుర్తు రాలేదు నాన్నా, బాబాయి గుర్తొచ్చాడు.”

“వాడి సంగతి ఇప్పుడెందుకు?”

“ఎందుకేంటి? బాబాయి ఆఖరి ఆటలో ఆయన కళ్ళు తేలేస్తే, ఆ రిఫరీ రెండు దగ్గర ఆపేశాడు. మళ్ళీ ఎత్తి వేస్తే మెడ విరిగింది. ఇరవై ఏళ్ళుగా మంచంలోనే ఉన్నాడు. ఆయనకి స్నానం చేయించినప్పుడల్లా ఆ రిఫరీని తిట్టేది మీరే కదా? పిరికి వెధవ, చేతకాని వెధవ అని. ఆ తిట్లు వింటూనే పెరిగాను నేను.”

“ఇంక చాలు.”

“ఆ రోజు మీరు జ్వరంతో ఇంట్లో ఉండిపోబట్టి గానీ, రింగులో మీరుంటే మూడు చరిచేవారు. నాకు తెలుసు. అందుకే నేనూ చరిచాను.”

“నాకు జ్వరం లేదమ్మా.”

“ఏంటి?”

“మాస్టారూ! తలుపు తియ్యండి, ఓనరుని. తేల్చారా? అమ్మాయిని ఉంచాలా, తీసెయ్యాలా?”

“ఉంచు బాబూ. ఉంచి, కాసేపు మమ్మల్నిలా వదిలెయ్.”

“నాన్నా, జ్వరం లేదంటే?”

“నేనూ మీ బాబాయి చెయ్యి నొక్కానమ్మా. వాడు తిరిగి నొక్కలేదు. కాగితంలో రెండే ఉందని, రెండు దగ్గర ఆపేశాను.”