కుర్చీ పట్టే షెడ్డు

"అమ్మమ్మా, గూడెంలో మా కొత్తింటి పెరట్లో మొక్కలకో షెడ్డు వేయిద్దామనుకుంటున్నాం. ఫోన్లో కొన్ని చూసి పెట్టుకున్నాను. ఏది తీసుకోమంటావో చెప్పవూ?"

ఏదీ, ఇలా తే ఆ ఫోను. కాస్త దూరంగా పెట్టు, దగ్గరైతే నాకు మసగ్గా ఉంటుంది. ఆఁ... బాగున్నాయే అన్నీనూ. ఇదేవిటే, దీనికి కిటికీ కింద పూలకుండీలు కూడానా! బొమ్మరిల్లులా ఉంది. బాలేదని ఎందుకంటాను చిన్నీ, బాగానే ఉంది. మరి దాంట్లో నువ్వేం చేస్తావమ్మా? అది చెప్పు ముందు. పారా గునపం పడేసుకోడానికా, నారు పోసుకోడానికా, లేకపోతే కూచుని పనిచేసుకోడానికా? చూశావా, నీళ్ళు నములుతున్నావు. నవ్వకు, మేవూ అంతే. మన పెరట్లో నీలం రేకుల షెడ్డు ఉంది చూడు, అది ముందిలా ఉండేది కాదు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. పరీక్షలని నీకెవరూ ఏమీ చెప్పలేదు. కూచో, చెప్తాను. ఆ ఫ్యాను కాస్త తగ్గించి కూచో.

తాతయ్యకి పక్షవాతం వచ్చింది ఊడ్పులప్పుడు. కాదు కాదు, ఊడ్పులు అయిపోయి, కలుపు తీయిస్తున్నాం అప్పుడు. చేలోంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెంబు వదిలేశారు. జారిందేమోలే అనుకున్నాను. ఏవండీ అని పిలిస్తే నాకేసి తిరిగారు, మూతి ఓ పక్కకి పోయింది. మీ అమ్మా నాన్నా భీమడోలు నుంచి ఆగమేఘాల మీద వచ్చి, కార్లో పడుకోబెట్టి ఏలూరు తీసుకెళ్ళారు. ప్రాణం దక్కింది. కుడిచెయ్యీ కుడికాలూ మాత్రం ఆయన మాట వినడం మానేశాయి.

మనిషి ఎలాంటివారో నీకు తెలియంది కాదు. ఈ గుండుగొలనులో మనింట్లో కూరగాయ కొన్న రోజు లేదు. చేలోంచి వచ్చి, ఇంత తిని, మళ్ళీ పెరట్లోకే వెళ్ళిపోయేవారు. బీరపాదు దగ్గరో వంగమొక్కల దగ్గరో ఉండేవారు. వెళ్ళి పిలిస్తేగానీ వచ్చేవారు కాదు. అలాంటి మనిషి చక్రాల కుర్చీలో కూచుని, గోడకేసి తిరిగి ఉండేవారు. రోడ్డు వైపు తిప్పితే మళ్ళీ గోడవైపే. అన్నం పెడితే రెండు ముద్దలు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి స్కూటీ మీద వచ్చేది, బంగారం లాంటి పిల్ల. చేతిలో రబ్బరు బంతి పెట్టి, "తాతగారూ, ఓసారి నొక్కండి" అనేది. ఈయన వేళ్ళు కదపకుండా ఊరుకునేవారు. బంతి దొర్లుకుంటూ మంచం కిందకి పోయేది.

ఓ రోజు ఆ అమ్మాయి వంటింట్లోకొచ్చి, "మామ్మగారూ, ఆ చెయ్యి వచ్చే చెయ్యేనండీ. ఆయనకే మనసు లేదు. ఇష్టమైన పనేదన్నా ఆ చేతికి తగిలించండి" అంది. ఆ మాట నేను మీ అమ్మకి చెప్పాను. మీ అమ్మ మీ నాన్నకి చెప్పింది.

మీ నాన్న సంగతి తెలుసుగా. అనుకుంటే ఆగరు. ఏలూరు వెళ్ళి ఈ షెడ్డు కొనేశారు. మాకు చెప్పకుండా, తాతయ్యకి సంబరంగా ఉంటుందని. లారీ వచ్చింది, క్రేన్ వచ్చింది, గోడ మీంచి ఆ నీలం డబ్బా గాల్లో ఊగుతూ దిగుతోంటే వీధి వీధంతా వచ్చి చూశారు. లోపల కొక్కేలకి చిన్నపారా, కత్తెరా, నీళ్ళు చల్లే డబ్బా, అన్నీ కొత్తవి. విత్తనాల ప్యాకెట్లు కూడా అరలో సర్దారు. ఎంత ప్రేమగా చేశారో. మీ అమ్మ అందరికీ జిలేబీ పంచింది.

"రండి మావయ్యగారూ, మీ ఆఫీసు చూద్దురుగాని" అని మీ నాన్నే కుర్చీ తోసుకుంటూ తీసుకెళ్ళారు. గుమ్మానికి కింద ఇనప పట్టీ ఉంది. ముందు చక్రాలు దానికి కొట్టుకుని ఆగిపోయాయి. వెనక్కి లాగి, ఎత్తి తోశారు. ఈసారి చక్రాలు రెండు పక్కలా తలుపు చట్రానికి పట్టేశాయి. తలుపు సన్నం, కుర్చీ వెడల్పు. అందరూ చూస్తున్నారు. "ఏం పర్లేదు మావయ్యగారూ" అని, మీ నాన్నా ఎదురింటాయనా కలిసి ఈయన్ని చంకల కింద చేతులేసి ఎత్తి, లోపల స్టూలు మీద కూచోబెట్టారు. మధ్యాహ్నపు ఎండ, పొద్దు పడమటికి తిరిగింది. నెత్తి మీద రేకు. పడమటి వైపే గుమ్మం, లోపలంతా కుంపటిలా ఉంది. చొక్కా తడిసిపోయింది. కొక్కేలు చూస్తే ఈయనకందవు. అటూ ఇటూ చూసి, "పోదాం" అన్నారు. అంతే, ఒక్క మాట.

మీ నాన్న మొహం చూడలేకపోయాను.

తరవాత ఆ తలుపు మూసేసే ఉండేది. నేనే ఓసారి ట్రేలో మొలిచిన మిరపనారు తీసుకెళ్ళి లోపల పెట్టాను. సాయంత్రానికి దారాల్లా వాడిపోయింది. మీ నాన్న వచ్చినప్పుడల్లా పెరటి వైపు చూడకుండా వెళ్ళిపోయేవారు.

నా పుట్టిల్లు కొల్లేట్లో లంకగ్రామం, తెలుసుగా. చుట్టూ నీళ్ళు. వానాకాలం వచ్చిందంటే అరుగుకే దోనె కట్టుకునేవాళ్ళం. మా నాన్న గొడ్లపాక వేయాలంటే, ముందు ఆ జాగాలో మంచం వేసుకుని కూచునేవారు. పొద్దున కాసేపు, ఎండలో కాసేపు. గాలి ఎటు కొడుతోంది, నీళ్ళు ఎటు నుంచి ఎక్కుతాయి, గొడ్డు ఎటు తలపెట్టి పడుకుంటే దోమ తక్కువ... అదంతా కూచుని చూసుకున్నాకే రాట పాతేవారు. అప్పట్లో తాటాకు ఎంత చవకనుకున్నావు! బండెడు తోలించినా ఎవరూ లెక్క చూసేవారు కాదు. ఇప్పుడు ఆకు కొట్టేవాళ్ళే దొరకట్లేదు. ఏం చెప్తున్నాను? ఆఁ, మంచం.

అది గుర్తొచ్చిందమ్మా నాకు. తాతయ్య వరండాలో మంచం మీద నిద్రపోతుంటే, ఆయన కుర్చీలో నేను కూచున్నాను. నిజం! చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చక్రాలు తిప్పుకుంటూ పెరట్లోకి దిగాను. అబ్బో, ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మనం నడిచేటప్పుడు అసలు కనపడని మిట్టలూ పల్లాలూ అన్నీ ఒంటికి తెలిసిపోతాయి. అంట్లు తోముకునే చోటు దాటుతోంటే చక్రం బురదలో దిగిపోయింది. పైగా చీర కొంగు చక్రంలో చుట్టుకుంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. దిగుదామంటే కొంగు వదలదు.

అప్పుడు వినపడింది. ఎక్కిళ్ళు వస్తున్నట్టు ఓ శబ్దం. గాభరా పడి తిరిగి చూస్తే, మీ తాతయ్య లేచి కూచుని నవ్వుతున్నారు. మూతి ఓ పక్కనుంచే వస్తోంది నవ్వు. కళ్ళంట నీళ్ళు కారిపోతున్నాయి. ఎన్నాళ్ళకి విన్నానో ఆ నవ్వు!

"నవ్వితే నవ్వారుగానీ ఏవండీ, ఎలా బయటపడాలో చెప్పండి" అన్నాను.

"ఎడ... ఎడమ చక్రం" అన్నారు. "వెనక్కి."

తిప్పాను. కొంగు వదిలింది. "ఇప్పుడు రెండూ" అన్నారు. బయటపడ్డాను. ఎడమచేత్తో మునగచెట్టు వైపు చూపించి, "అక్కడ" అన్నారు. "ఏవిటండీ అక్కడ?" అంటే, "నీడ. కుళాయి" అన్నారు.

మరేం, ఆ మర్నాటి నుంచీ మా ఇద్దరికీ అదే పని. పొద్దున ఓసారి, ఎండలో ఓసారి, చల్లబడ్డాక ఓసారి ఆయన్ని తోసుకుంటూ మునగచెట్టు దగ్గరికి వెళ్ళడం. ఎండ ఎక్కడిదాకా వస్తోందో చూడ్డం. పడమర మూసేయాలి, తూర్పు తెరిచి ఉంచాలి అన్నారు. నారుకి పొద్దుటెండ చాలు. మనది పల్లం, వానకి నీళ్ళు నిలుస్తాయి కాబట్టి మెరక చెయ్యాలి. మెట్టు వద్దు, వాలుగా ఉండాలి. నేను ముగ్గుపిండి తెచ్చి నేల మీద గీతలు గీశాను, ఇది గోడ, ఇది గుమ్మం అని. ఆ ముగ్గు గుమ్మంలోంచి ఆయన్ని లోపలికీ బయటికీ తోసేదాన్ని. గీత మీద చక్రం పడితే, "తగిలింది!" అని అరిచేవారు. చెరిపేసి మళ్ళీ వెడల్పుగా గీసేదాన్ని. మా పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏవండీ పిన్నిగారూ, బాబాయిగారితో తొక్కుడుబిళ్ళాడుతున్నారా?" అంది. ఆడుకుంటున్నట్టే ఉండేది మరి! ఇటుకలు పేర్చి పైన చెక్క వేసి బల్ల ఎత్తు కూడా చూశాం. మోకాళ్ళు కిందకి దూరాలి, మోచెయ్యి పైన ఆనాలి. ఓ ఇటుక తీస్తే సరిపోయింది.

అన్నీ కుదిరాయి. మరి ఆ నీలం షెడ్డు ఏం చెయ్యాలి? మీ అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "అమ్మా, ఆయన్ని ఏమీ అనకు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు" అని ఏడ్చింది. నిజమే కదా, ఎంత ఆశపడి తెచ్చారు! అల్లుడు నొచ్చుకుంటే మళ్ళీ అతుక్కోవడం కష్టం. భోజనానికి పిలిచాను. కొర్రమీను పులుసు పెట్టాను. వడ్డిస్తూ చెబుదామనుకుని, ఇంకో ముక్క వేసి ఇవతలికి వచ్చేశాను.

తాతయ్యే పిలిచారు. మంచం మీద ఉన్నారు, కుర్చీ పక్కనుంది. "బాబూ... కూచోండి" అని కుర్చీ చూపించారు. మీ నాన్నకి అర్థం కాలేదు, కూచున్నారు. "షెడ్డులోకి... వెళ్ళండి" అన్నారు. మీ నాన్న చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళారు. తలుపు తీశారు. ఇనప పట్టీ దగ్గర ఆగిపోయారు. వెనక్కొచ్చి మళ్ళీ తోశారు, మళ్ళీ ఆగిపోయారు. మాకు వీపే కనపడుతోంది.

తిరిగి వచ్చి, "అత్తయ్యగారూ, కొనేటప్పుడు అన్నీ చూశానండీ. తుప్పు పట్టదా, గాలికి ఆగుతుందా, తాళం గట్టిదా అని. మావయ్యగారు ఇలా వస్తారని మాత్రం చూడలేదు" అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తాతయ్య ఆయన చెయ్యి పట్టుకుని, "మంచి రేకు బాబూ. ఉంచుదాం. కోద్దాం" అన్నారు. మీ నాన్న నవ్వేశారు. "కోద్దాం మావయ్యగారూ, కోసేద్దాం" అన్నారు.

ఇంక చూడాలి మీ నాన్న హడావిడి! గూడెం నుంచి వెల్డింగ్ అతన్ని తీసుకొచ్చారు. కామవరపుకోట వైపు నుంచి ఎర్ర గ్రావెల్ తోలించి మునగచెట్టు దగ్గర మెరక చేయించారు, వాలు కట్టించారు. షెడ్డుని పైకెత్తి ఆ మెరక మీదకి చేర్చి, తూర్పు పక్క రేకంతా కోయించారు. కోసిన రేకు పారేయలేదు, పడమటి గుమ్మం మూయడానికే వాడారు. రేకు మీద తాటాకు పరిపించారు వేడి దిగకుండా. ముందర కోళ్ళు రాకుండా సగం ఎత్తు వల తలుపు. అంతా అయ్యాక తాతయ్య తనంతట తనే, ఎడమచేత్తో చక్రం తిప్పుకుంటూ, ఎడమకాలితో నేలని తన్నుకుంటూ ఎక్కారు లోపలికి. మేం ఎవరం ముట్టుకోలేదు. వెళ్ళి బల్ల కింద మోకాళ్ళు దూర్చి కూచున్నారు. మీ నాన్నకేసి చూసి తలూపారు.

ఆ తరవాత మనిషిని ఇంట్లో పట్టుకోవడం మళ్ళీ కష్టమైపోయింది. ఎడమచేత్తో కొబ్బరిపొట్టు కలపడం, విత్తులు వెయ్యడం. ట్రే జరక్కుండా కుడిచెయ్యి అడ్డం పెట్టేవారు. ఆ చెయ్యికి కూడా ఓ పని దొరికింది చూశావా! ఆ ఏడు వానలు విపరీతం. పెరట్లన్నీ నీళ్ళు నిలిచిపోయి, వీధిలో ఎవరి మొక్కలూ మిగల్లేదు, కుళ్ళిపోయాయి. మన మెరక మీద నారు మాత్రం పచ్చగా ఉంది. నీళ్ళు తీశాక అందరూ వచ్చేవారు, "బాబాయిగారూ, వంగనారు ఉందాండీ? మిరప ఉందాండీ?" అని. ఈయన ఊరికే ఇవ్వరుగా, ఎలా నాటాలో, ఎప్పుడు నీళ్ళు పెట్టాలో అంతా చెప్పి ఇస్తారు. అలా చెప్పీ చెప్పీ మాట కూడా తేటపడింది. చింతలపూడి నుంచి మా ఆడపడుచు వచ్చి, "అన్నయ్య మళ్ళీ వాగుతున్నాడే వదినా" అని ఎంత మురిసిపోయిందో.

అందుకని నీకు చెప్పేదేవిటంటే, ఈ ఫోన్లోవి ఏవీ చెడ్డవి కావు. సామాన్లకైతే ఇదిగో ఈ చిన్నది చాలు, తాళం ఉంది. మొక్కలకైతే రేకు మూత పనికిరాదు, గాలీ వెలుతురూ కావాలి. మీ ఆయన కూడా నీతో కూచుని పనిచేస్తాడంటే ఇద్దరికి జాగా చూసుకో. గూడెంలో మీ పెరడు నేను చూడలేదు కదా, ఎండ ఎటొస్తుందో నీకే తెలియాలి. తొందరపడి కొనకండి. కొన్నా కుదరకపోతే దిగులుపడకండి, కోసి అతుక్కోవచ్చు.

ఒకటి మర్చిపోయాను. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు. మొన్న చలి మొదలయ్యాక, చిక్కుడు తీగ పాకుతోంది షెడ్డు రాటకి. పురికొస కట్టాలి. నేను కట్టబోతే "ఉండవే" అన్నారు. పురికొస ఓ కొస ఎడమచేత్తో పట్టుకున్నారు. రెండో కొస కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టుకున్నారు. బంతి నొక్కని వేళ్ళు. జారింది. మళ్ళీ పెట్టారు, జారింది. నేను చెయ్యి చాపకుండా నా రెండు చేతులూ పమిటలో చుట్టేసుకున్నాను. చాలాసేపు పట్టింది. నాలిక బయటపెట్టి, చిన్నపిల్లాడు పలక మీద రాస్తున్నట్టు... ముడి పడిందమ్మా. వదులు ముడే. తీగ నిలబడింది. "చూశావా?" అన్నారు. "చూశానండీ" అన్నాను. ఇంకో మాట వస్తే ఏడ్చేస్తానని, నీళ్ళ డబ్బా తెస్తానని చెప్పి ఇవతలికి వచ్చేశాను.

ఇలా రా, తల దగ్గరికి వంచు. నీ చేత్తో వేసిన విత్తు ప్రతిదీ మొలకెత్తాలి తల్లీ. నువ్వూ మీ ఆయనా ఒకరి పని ఒకరు చూసుకుంటూ, పచ్చగా, నిండుగా... అంతే. వెళ్ళు, ఆ చిక్కుళ్ళు కోసుకో, ఇవాళ లేతగా ఉన్నాయి...