క్లారా తొట్టిలో చేదు మొక్క

ఏమ్మా ప్రియా, కాకరకాయలకి ఉప్పు రాసి పిండేస్తున్నావా? కానీ, కానీ. నువ్వలా పిండుతుంటే క్లారా గుర్తొచ్చింది. నీకు తెలీదులే, ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నైన్టీలో మేం ఈ దేశమొచ్చి ఈ క్రెయిగీబర్న్‌లో దిగినప్పుడు పక్కింటావిడ. ఆస్ట్రియా మనిషి, పెద్దావిడ, ఒంటరిది. అప్పుడిక్కడ మనవాళ్ళెవరున్నారు? ఇప్పుడంటే షాపుకెళితే గోంగూర కట్టలు. అప్పుడు కరివేపాకు రెబ్బ కావాలంటే సిటీ ఆ చివరికి... సరే, ఏం చెబుతున్నాను? ఆ, క్లారా. పెరట్లో రాతి తొట్టి ఉండేది. అందులో జెన్షన్ అని, వాళ్ళ కొండల మీద పూసే మొక్కలు. జానెడు కూడా ఉండవు, పువ్వు మాత్రం అబ్బ, నీలం అంటే నీలం! ఇక్కడి ఎండకి అవి బతుకుతాయా? గోనెపట్టా కప్పేది, ఫ్రిజ్‌లోంచి ఐస్ తెచ్చి మొదట్లో వేసేది. మీ ద్వారకా అంకుల్ అయితే 'ఇక ఏసీ కూడా పెట్టిస్తుంది చూడు' అని ఒకటే ఎగతాళి. క్లారా వాళ్ళమ్మ, జబ్బుపడి లేచినవాళ్ళకి ఆ వేళ్ళు కషాయం కాచి పోసేదట, ఆకలి పుట్టడానికి. వాళ్ళమ్మ గుర్తుగానే ఈవిడ వాటిని పెంచేది. మన నేలవేము లాగే అనుకో.

ఆ ఏడే నేను ఇండియా వెళ్ళొచ్చి టైఫాయిడ్‌తో పడ్డాను. జ్వరం పోయింది, దాంతోపాటే ఆకలీ పోయింది. అన్నం చూస్తే డోకు. డాక్టరేమో 'ఆల్ క్లియర్, జస్ట్ ఈట్' అంటాడు. ఎలా తినను? మా వాడు వివేక్‌కి అప్పటికి ఏడాది నిండలేదు, వాణ్ణి ఎత్తుకునే ఓపిక కూడా లేదు. వీణ్ణి పెంచకుండానే పోతానేమో అని భయం తల్లీ, నిజం. క్లారా చూసింది. వెళ్ళి తొట్టిలో సగం మొక్కలు వేళ్ళతో సహా పీకి తెచ్చింది. మీ అంకుల్ చేతిలో పెట్టి, 'బాయిల్ ఇట్, గివ్ హర్ బిఫోర్ ఫుడ్' అంది. ఈయన చిన్న ముక్క నాలిక మీద వేసుకున్నారు, అంతే, కళ్ళ నీళ్ళు! 'అసలే నీరసంగా ఉంది, ఇంత చేదు ఎలా మింగుతుంది పాపం' అని, ఏం చేశారో తెలుసా? మా అత్తగారు కాకరకాయకి చేసినట్టు, వేళ్ళు తరిగి, ఉప్పు రాసి, గట్టిగా పిండి, ఆ నీళ్ళు సింక్‌లో పారబోసి, పిప్పి మాత్రం బెల్లం వేసి కాచారు. పానకంలా తాగాను. ఇంకేం గుణం కనిపిస్తుంది? క్లారా వచ్చి అడిగితే మళ్ళీ గొప్పగా చెప్పారు, 'నాట్ బిట్టర్ ఎట్ ఆల్!' అని. 'మై గాడ్, ద్వారకా! ద బిట్టర్ ఈజ్ ద మెడిసిన్!' అని నెత్తి కొట్టుకుంది.

తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. వెళ్ళి మిగతా సగం కూడా పీకేసింది. ఈసారి మా వంటింట్లో తనే నిలబడి కాచింది. ఏం చేదమ్మా అది, విషం! ముక్కు పట్టుకుని మరీ తాగించింది. పూటపూటా వచ్చేది, గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదిలేది కాదు. ఒకరోజు పొద్దున్న ఈయన చారు పోపు పెడుతుంటే నా నోట్లో నీళ్ళూరాయి. చారన్నం కలుపుకుని, తింటూ ఏడ్చాను. మందు గుణమో, ఆవిడ హస్తవాసో, నాకు తెలీదు. ఇప్పటికీ మొదటి ముద్ద ఆవిణ్ణి తలుచుకునే నోట్లో పెట్టుకుంటాను. కాస్త ఓపికొచ్చాక పిల్లాణ్ణి చంకనేసుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. తొట్టిలో ఒట్టి మన్ను. గోనెపట్టా మడిచి పక్కన పెట్టుంది. 'క్లారా, యువర్ మదర్స్ ప్లాంట్...' అన్నాను. ఆవిడ నా వంక చూడలేదు, వివేక్ బుగ్గ పట్టుకుని, 'మై మదర్ వుడ్ హావ్ పుల్డ్ ఆల్ ఆఫ్ దెమ్ ద ఫస్ట్ డే' అంది.

...

చాల్లే ప్రియా, ఇక పిండకు. కొంచెం ఉండనీ చేదు.